జీతమూ, జీవితమూ

1

పెద్ద కంపెనీలో ఉద్యోగం మానేసి, తన పనిని తానే ఎంచుకుని, తన వేళలు తానే నిర్ణయించుకుని బతకటం ఇవాళ చదువుకున్నవాళ్లలో ఒక ఆదర్శంగా పెరుగుతున్నది. పది పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో, బ్యాంకులోనో పనిచేసి, ముప్ఫై అయిదో ఏట రాజీనామా ఇచ్చి ఒకరు సేద్యంలోకి దిగుతారు. మరొకరు వడ్రంగం నేర్చుకుంటారు. ఇంకొకరు ఏ కంపెనీకీ కట్టుబడకుండా ఇంట్లో కూర్చుని నలుగురికీ పని చేసిపెడతారు. ఇలాంటివారిని మెచ్చుకుంటూ పుస్తకాలు వస్తున్నాయి, ఉపన్యాసాలు జరుగుతున్నాయి. "నీకు నువ్వే యజమానివి" అన్నది వాటన్నిటి సారం. ఇంటి పెద్దలు మాత్రం తల పట్టుకుంటున్నారు. పొలం అమ్మి చదివించిన తండ్రికి, నెలనెలా వచ్చే జీతాన్ని కొడుకు కాలదన్నుకోవటం పిచ్చిగా తోస్తుంది. ఇక మూడో అభిప్రాయం మన అభ్యుదయవాదుల్లోనే తరచు వినబడుతున్నది: ఇది కడుపు నిండినవాళ్ల బాధ, మధ్యతరగతి పలాయనం, దీన్ని చర్చించటమే దండగ అని.

పుస్తకాల మాటలో ఆశ ఉన్నది, పెద్దల మాటలో భయం ఉన్నది, మనవాళ్ల మాటలో విసుగు ఉన్నది. అసలు ప్రశ్నను ఎవరూ పట్టించుకోవటం లేదు. ఉద్యోగం మానినవాడు నిజంగా స్వేచ్ఛ పొందుతున్నాడా? పొందితే దానికి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? తక్కినవాళ్లు కొలువులో నలుగుతూ ఉండగా ఒక్కడు బయటపడటం న్యాయమేనా? వీటికి సమాధానం వెతక్కుండా ఈ ధోరణిని పొగడటానికీ వీల్లేదు, ఈసడించటానికీ వీల్లేదు.

ముందుగా ఒక హద్దు గీసుకోవాలి. రాజీనామా ఇచ్చినవాళ్లందరూ తమంత తాము మానినవాళ్లు కారు. "నువ్వే రాజీనామా ఇస్తే మర్యాదగా ఉంటుంది" అని చెప్పి పంపించటం ఇప్పటి కంపెనీలకు అలవాటయిన పద్ధతి. అది రాజీనామా పేరుతో జరిగే తొలగింపు. దాని న్యాయాన్యాయాలు వేరే చర్చ. ఇక్కడ నేను మాట్లాడుతున్నది, ఉండగలిగి కూడా వదిలివచ్చినవాడి గురించి.

ఇలా వదిలివచ్చేవాడి మీద మన సంస్కృతికి ఏనాటినుంచో గౌరవం ఉన్నది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వటానికి పోతన ఒప్పుకోలేదనీ, నాగలి పట్టి బతికాడనీ చెప్పే కథను తెలుగువాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. చరిత్రగా ఆ కథ ఎంతవరకు నిలుస్తుందో పరిశోధకులు తేల్చుకుంటారు. రాజాస్థానాల మెప్పుకోసం కావ్యాలు వెలువడిన దేశంలో, ఆస్థానాన్ని కాదన్నవాడి కథే ప్రజల నోట ఎక్కువ ఇష్టంగా నిలిచిందన్నది మాత్రం గమనించదగ్గ విషయం. పరుల చెప్పుచేతల్లో బతకటం తక్కువతనమన్న భావం మనకు పడమటి దేశాలనుంచి నిన్నా మొన్నా దిగుమతి కాలేదు.

2

భాషను కొంచెం పరిశీలించినా ఈ సంగతి బోధపడుతుంది. బడిపిల్లలు వల్లించే ప్రకృతి వికృతుల పట్టికలో 'జీవితం' ప్రకృతి, 'జీతం' వికృతి. బతుక్కి ఆధారమైంది కాబట్టి ఆ పేరు వచ్చింది. కానీ ఇవాళ్టి ఉద్యోగి దశ చూస్తే వికృతి అన్న మాటకు వ్యాకరణంలో లేని అర్థం కూడా వచ్చి చేరినట్టున్నది. 'కొలువు' మాటా అంతే. కొలుచు అన్న క్రియకు సేవించటమనీ, కొలత వేయటమనీ రెండర్థాలు. ఈ రెంటికీ వ్యుత్పత్తిలో ఎంత చుట్టరికముందో భాషాశాస్త్రజ్ఞులు చెప్పాలి; కంపెనీలో మాత్రం రెండూ ఒకటే పని. అక్కడ సేవించేవాడిని అడుగడుగునా కొలుస్తారు. ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో కాగితం మీద చూపించాలి. ఏడాదికోసారి అతనికి మార్కులు వేస్తారు. ఎంత బాగా చేసినా కొందరికి తక్కువ మార్కులు పడి తీరాలన్న లెక్క అనేక కంపెనీల్లో చాలాకాలం నడిచింది. పని లేనప్పుడు 'బెంచి' మీద కూర్చోబెడతారు. ఆ మాటే అవమానంగా వినబడుతుంది.

1844లో రాసుకున్న వ్రాతప్రతుల్లో మార్క్స్ ఈ స్థితిని విశ్లేషించాడు. పని చేసేవాడికి తను తయారుచేసిన వస్తువు పరాయిదవుతుంది. పని చేయటమే పరాయిదవుతుంది. చివరకు తోటి మనిషీ పరాయివాడవుతాడు. ఆ వ్రాతప్రతులు అచ్చయింది 1932లో. బట్టల మిల్లులను చూస్తూ రాసిన ఆ మాటలు కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి వర్తించవని కొందరి అభిప్రాయం. నిజానికి ఇతనికే ఎక్కువ వర్తిస్తాయి. మిల్లు కార్మికుడు తన చేతుల్లోంచి వెళ్లేది గుడ్డ అని ఎరుగును. దాన్ని ఎవరో కట్టుకుంటారనీ ఎరుగును. హైదరాబాదులో కూర్చున్న ప్రోగ్రామరు ఏ దేశంలోనో ఉన్న బ్యాంకుకోసం, ఎప్పుడూ మొత్తంగా చూడని యంత్రాంగంలో ఒక చిన్న మేకు బిగిస్తాడు. అది మనుషులకు రుణాలు ఇప్పించేదో, ఇళ్లు జప్తు చేయించేదో అతనికి తెలియదు. తెలుసుకోమని అతన్ని ఎవరూ అడగరు.

ఇక కాలం సంగతి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన మొట్టమొదటి ఒడంబడిక పరిశ్రమల్లో పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలనే హద్దుగా పెట్టింది. ఆ తర్వాత డెబ్భై అయిదేళ్లకు, 2023 అక్టోబరులో, ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి యువకులు వారానికి 70 గంటలు పని చెయ్యాలని సలహా ఇచ్చారు. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో అధ్యక్షుడు 90 గంటల మాట మాట్లాడారు. వారానికున్నవి 168 గంటలు. నిద్రకు 56, పనికి 90 పోతే మిగిలేవి 22. అంటే రోజుకు మూడు గంటలు. స్నానం, భోజనం, ప్రయాణం, పిల్లల ముఖం చూడటం, పుస్తకం చదవటం, జబ్బుపడిన తల్లిని డాక్టరు దగ్గరకు తీసుకుపోవటం, అన్నీ ఆ మూడు గంటల్లోనే సర్దుకోవాలి. ఇవి ఉపన్యాసాలతో పోలేదు. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పని హద్దును 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనిని అనుమతిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దును మాత్రం ఉంచింది.

ఈ స్థితిలో ఉన్నవాడు "నా కాలం నాకు కావాలి" అంటే దాన్ని కడుపు నిండిన బాధ అనటం తగదు. అతని జీతం పెద్దదే కావచ్చు. జీతం పెద్దదైనంతమాత్రాన పరాయీకరణ అబద్ధం కాదు. మనిషికి ఆకలి ఒక్కటే సమస్య అని అభ్యుదయ సాహిత్యం ఎన్నడూ చెప్పలేదు. ఆకలి తీరాక మనిషి మనిషిగా బతకాలనే అది కోరింది. ఆ కోరిక మధ్యతరగతివాడి నోట వినబడేసరికి మనం ముఖం తిప్పుకుంటే, మన సిద్ధాంతాన్ని సగమే నమ్ముతున్నామని అర్థం.

కాబట్టి మొదటి నిర్ణయం ఇది: కొలువు వదలాలన్న కోరికలో ఉన్న నిరసన న్యాయమైనది. అయితే నిరసన న్యాయమైనంతమాత్రాన, అది ఎంచుకున్న దారి స్వేచ్ఛకు చేరుస్తుందని చెప్పలేం.

3

యజమాని లేకుండా, సొంత ఇంట్లో, సొంత పనిముట్టుతో, సొంత వేళల్లో పనిచేసే మనిషిని చూడటానికి కొత్త పుస్తకాలు చదవనక్కరలేదు. మంగళగిరికో, చీరాలకో, పోచంపల్లికో వెళితే చాలు. చేనేత కార్మికుడి మగ్గం అతని ఇంట్లోనే ఉంటుంది. పొద్దున ఎప్పుడు మగ్గం గుంటలో దిగాలో, ఎప్పుడు లేవాలో అతనికి చెప్పే ఫోర్‌మన్ లేడు. పైపెచ్చు అతనికి కళ ఉన్నది. నేసిన చీర మొదలు నుంచి తుది దాకా అతని చేతి మీదుగా నడుస్తుంది. పరాయీకరణ లేని పనికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదనిపిస్తుంది.

కానీ నూలు ఎవరిది? సహకార సంఘం బలంగా లేనిచోట నూలు షావుకారుది. రంగూ అతను చెప్పిందే, అంచూ అతను చెప్పిందే. చీరకింత అని కూలి. పెళ్లికో జబ్బుకో తెచ్చుకున్న అప్పు కూడా అతని దగ్గరే. ఆ అప్పు తీరేదాకా మరొకరికి నేయటానికి లేదు. మార్కెట్లో చీర కదలకపోతే నూలు ఇవ్వటం ఆగిపోతుంది. మగ్గం ఖాళీగా నిలబడుతుంది. ఆ నష్టంలో షావుకారు తన వంతు కన్న నేతగాడి వంతే ఎక్కువగా చూస్తాడు. కండెలు చుట్టే భార్యకూ, పడుగు పనిలో చేయి వేసే పిల్లలకూ వేరే కూలి లేదు. మిల్లులో అయితే వారికి కూడా హాజరు పట్టీలో పేరుండేది. ఇంట్లో పని కాబట్టి పేరు కూడా లేదు.

పనిముట్టు సొంతమైనంతమాత్రాన, వేళలు సొంతమైనంతమాత్రాన శ్రమ సొంతం కాదని దీన్నిబట్టి తెలుస్తున్నది. ముడిసరుకు, మార్కెట్టు, ధర, అప్పు, వీటి మీద అధికారం ఎవరిదో వాడే యజమాని. వాడు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోనక్కరలేదు.

కంపెనీ వదిలి స్వతంత్రంగా పనిచేసేవాడి స్థితిని ఈ వెలుగులో చూడండి. ల్యాప్‌టాప్ అతనిది. ఇల్లు అతనిది, లేదా బ్యాంకుది. పని ఇప్పించేది మాత్రం ఎక్కడో ఉన్న ఒక వేదిక. అది ప్రతి సంపాదనలోనూ తన కమీషను తీసుకుంటుంది. పని ఇచ్చినవాడు నక్షత్రాలు వేస్తాడు; ఒక నక్షత్రం తగ్గితే వచ్చే నెల పని తగ్గుతుంది. అమెరికాలో పగలయితే ఇక్కడ మేలుకోవాలి. జబ్బు చేస్తే సెలవు లేదు. భవిష్యనిధి లేదు, గ్రాట్యుటీ లేదు. పోయిన మేనేజరు స్థానంలో నలుగురు మేనేజర్లు వచ్చారు. పైగా ఇంకొకడు లోపల తయారయ్యాడు. కంపెనీ నేర్పిన కొలబద్దను ఇతను ఇంటికి తెచ్చుకున్నాడు. గంట ఊరికే కూర్చుంటే ఇంత నష్టమని తనకు తానే లెక్క కడతాడు. కంపెనీలో ఆదివారమన్నా ఉండేది.

చట్టం ఈ సంగతిని తన భాషలో చెప్పేసింది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, సంప్రదాయమైన యజమాని, ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి సంపాదించుకునేవాడికి 'గిగ్ వర్కర్' అని పేరు పెట్టింది. వేదికలు నడిపే సంస్థలు తమ వార్షిక వ్యాపారంలో ఒకటి రెండు శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలన్నది. అది కొంత మేలే. కానీ 'వెలుపల' అన్న ఆ మాటను గమనించాలి. ఎవరి కింద పనిచేస్తున్నాడో చెప్పుకోలేనివాడికి ఎవరినీ నిలదీసే హక్కు ఉండదు. ఇలాంటివాళ్లు 2020–21లో 77 లక్షల మంది ఉన్నారనీ, 2029–30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారనీ 2022 జూన్‌లో నీతి ఆయోగ్ అంచనా కట్టింది. వీరిలో అత్యధికులు స్వేచ్ఛ కోరి వచ్చినవారు కారు. భోజనం పొట్లాలు మోసే కుర్రవాడికి "నీ వేళలు నీ ఇష్టం" అని చెబుతారు. ఇష్టం వచ్చిన వేళల్లో పనిచేస్తే అతనికి తిండి గడవదు.

మా వృత్తిలోనూ ఇలాంటి పేరొకటున్నది. గంటకింత అని లెక్కగట్టి పాఠం చెప్పించుకుని, సెలవు రోజులకు జీతం లేకుండా, వచ్చే ఏడాది ఉంటాడో లేదో చెప్పకుండా నడిపించే అధ్యాపకుణ్ణి 'అతిథి' అంటారు. అతిథి అంటే తిథి నియమం లేకుండా వచ్చేవాడు. ఇతని విషయంలో తిథి లేనిది రావటానికి కాదు, జీతం అందటానికి. బాధ్యతను దులుపుకోదలచినప్పుడు యజమానులు గౌరవమైన మాటలు వాడటం ఎప్పుడూ ఉన్నదే. 'స్వతంత్రుడు', 'భాగస్వామి', 'అతిథి' ఈ కోవలోని మాటలు.

4

అయినా కొందరు నిజంగానే బయటపడతారు. చేతిలో అరుదైన విద్య ఉంటుంది, వెనక కొంత డబ్బు ఉంటుంది, తమ షరతుల మీద పనిచేయగలుగుతారు. వారి స్వేచ్ఛ బూటకం కాదు. వారి గురించి అడగవలసిన ప్రశ్న వేరు: ఆ స్వేచ్ఛకు ఖరీదు చెల్లిస్తున్నది ఎవరు?

దీనికి నాకు తెలిసినంతలో ఎంగెల్స్‌ను మించిన ఉదాహరణ లేదు. అతని తండ్రి మాంచెస్టరులోని ఎర్మెన్ అండ్ ఎంగెల్స్ నూలు కంపెనీలో భాగస్వామి. 1850లో ఎంగెల్స్ ఆ కంపెనీ కచేరీలో కూర్చున్నాడు. ఆ వ్యాపారమంటే అతనికి అసహ్యం. అయినా దాదాపు పందొమ్మిదేళ్లు అక్కడే ఉన్నాడు. ఎందుకంటే లండన్‌లో మార్క్స్ కుటుంబం పస్తులుండకుండా చూడటానికి మరో మార్గం లేదు. 1867లో 'పెట్టుబడి' మొదటి సంపుటం వెలువడిందంటే దాని వెనక ఈ కచేరీ ఉద్యోగం ఉన్నది. 1869 జూన్ 30న అతను చివరిసారి కచేరీకి వెళ్లాడు. అప్పుడు వారింట్లో ఉన్న మార్క్స్ కూతురు ఎలినార్‌కు పద్నాలుగేళ్లు. ఆ ఉదయం అతను బూట్లు తొడుక్కుంటూ ఎంత ఉత్సాహపడ్డాడో, సాయంత్రం చేతికర్ర ఊపుకుంటూ, పాడుకుంటూ ఎలా వచ్చాడో ఆమె తర్వాత రాసింది. ప్రపంచ శ్రామికులందరినీ ఏకం కమ్మన్నవాడు తన కొలువు వదిలిన రోజున చిన్నపిల్లవాడిలా సంతోషించాడు. ఇవాళ రాజీనామా ఇచ్చి గేటు దాటినవాడి సంతోషాన్ని వెక్కిరించే అభ్యుదయవాదులు ఈ సంగతి గుర్తుంచుకోవటం మంచిది.

అయితే ఎంగెల్స్ సంతోషం ఎక్కడినుంచి వచ్చింది? భాగస్వామ్యాన్ని వదులుకుంటూ పుచ్చుకున్న సొమ్మునుంచి. ఆ సొమ్ము మాంచెస్టరు మిల్లు కూలీల చెమటనుంచి. ఇది అతనికి మరొకరు చెప్పనక్కరలేదు. ప్రపంచానికి చెప్పినవాడే అతను. ఆ ఎరుకనుబట్టే తర్వాతి జీవితం నడిచింది. మార్క్స్‌కు ఏటా 350 పౌన్లు ఏర్పాటు చేశాడు. మరుసటి ఏడాది లండన్ చేరి కార్మికోద్యమంలో నిలిచాడు. మార్క్స్ మరణించాక ఇతరులకు చదవటానికి కూడా వీలుకాని అతని వ్రాతప్రతులను పట్టుకుని కూర్చుని, 1885లో రెండో సంపుటాన్ని, 1894లో మూడో సంపుటాన్ని వెలువరించాడు. దొరికిన తీరిక తన ఒక్కడిది కాదన్నట్టుగా దాన్ని ఖర్చు చేశాడు.

మనవాళ్ల విషయంలో ఈ లెక్క ఎవరూ వేయటం లేదు. ఉద్యోగం మాని సేద్యం మొదలుపెట్టినవాడి కథలో భూమి ఎక్కడినుంచి వచ్చిందో ఉండదు. కలుపు తీసే ఆడకూలీ పేరుండదు. పోతన కథలోనూ నాగలి ఉంటుంది, పాలేరు కనబడడు. చిత్రలేఖనం చేపట్టిన భర్త ధైర్యాన్ని వర్ణించే వ్యాసంలో ఇంటి బాకీ వాయిదాలు కడుతున్నది భార్య జీతమన్న సంగతి ఒక్క వాక్యంలో ముగుస్తుంది. అదే భార్య ఉద్యోగం మానేస్తే ఆ వ్యాసమే పుట్టదు. మగవాడు మానితే స్వేచ్ఛను వెతుక్కున్నాడంటారు, ఆడది మానితే పిల్లలకోసం మానేసిందంటారు. ఆమె ఇంట్లో చేసే పనికి యజమాని లేడు, వేళలు లేవు, జీతమూ లేదు. "నీకు నువ్వే యజమానివి" అని ఆమెతో ఎవరూ అనరు.

కులం సంగతి ఇంకా ముఖ్యమైనది. తాతల ఆస్తి ఉన్నవాడికి జీతం ఒక సంకెల. తరతరాలు వెట్టి చేసిన కుటుంబంనుంచి మొదటిసారి చదువుకుని వచ్చినవాడికి అదే జీతం సంకెల తెగిన గుర్తు. దాని మీద రెండు మూడు ఇళ్లు ఆధారపడి ఉంటాయి. అతనికి "వదిలెయ్, ధైర్యం చెయ్" అని బోధించటం క్రూరత్వం. బరోడా సంస్థానం ఖర్చుతో విదేశాల్లో చదివిన అంబేద్కర్ 1917లో అక్కడ ఉద్యోగంలో చేరితే, అంటరానివాడన్న కారణంచేత ఆయనకు తలదాచుకోవటానికి ఇల్లు దొరకలేదు. కొద్ది రోజుల్లోనే ఉద్యోగం వదిలి బొంబాయికి వెళ్లిపోయాడు. అది ఆయన కోరుకున్న స్వేచ్ఛ కాదు. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత, 1951లో, ఆయనే కేంద్ర మంత్రి పదవికి రాజీనామా ఇచ్చాడు. హిందూ కోడ్ బిల్లును ప్రభుత్వం పక్కన పెట్టటం అందుకు ఒక ముఖ్య కారణం. మొదటిసారి కొలువు ఆయనను వెళ్లగొట్టింది. రెండోసారి ఆయన కొలువును కాదన్నాడు, అది కూడా స్త్రీల హక్కులను ఒక కారణంగా చూపి. బయటికి పోవటం రెండుసార్లూ ఒకటే అయినా ఆ రెండు చర్యల నైతిక విలువ ఒకటి కాదు.

5

కనుక ఉద్యోగం మానటంలోనే పుణ్యం గానీ పాపం గానీ లేదు. ఎవరి ఖర్చు మీద మానాడు, మాని మిగుల్చుకున్న కాలాన్ని ఏం చేశాడు, వెనక ఉండిపోయినవాళ్లతో అతని సంబంధం ఏమయింది, ఈ మూడిటినిబట్టే దాని విలువ తేలుతుంది.

ఒక ఆక్షేపణ రావచ్చు. "అందరూ విముక్తులయ్యేదాకా ఒక్కడూ ఊపిరి పీల్చుకోకూడదా? ఒకడు తన తల్లిని చూసుకోవటానికి మానుకున్నాడు, మరొకడు నవల రాసుకోవటానికి మానుకున్నాడు. వీళ్లను కూడా ఉద్యమం లెక్క చెప్పమంటావా?" అని. అలా అడగటం నా ఉద్దేశం కాదు. తల్లిని చూసుకోవటం దానంతటదే లెక్కకు వచ్చే పని. నవల రాయటానికి ఒంటరితనం కావాలి, తీరిక కావాలి. అవి అతనికి దొరికినందుకు సంతోషించాలి. నేను కాదంటున్నది ఒకే ఒక్క దాన్ని: తనకు దొరికినదాన్ని తన ప్రతిభకు దక్కిన బహుమానంగా ప్రకటించి, దొరకనివాళ్లకు ధైర్యం లేదని తీర్పు చెప్పటాన్ని. అవకాశాన్ని గుణంగా చలామణీ చేయటం పాత కులీనుల అలవాటు. దానికి కొత్త బట్టలు తొడగనవసరం లేదు.

మనం మరచిపోతున్న విషయం ఇంకొకటున్నది. వదిలి వెళ్లినవాడికి ఇవాళ సాయంత్రాలూ ఆదివారాలూ ఎంత విలువైనవో తెలుసు. ఆ సాయంత్రాలను మొదట సాధించిపెట్టినవాళ్లు పని వదలకుండా పనిలోనే నిలబడి సమ్మె చేసినవాళ్లు. ఎనిమిది గంటల దినం 1886లో చికాగో వీధుల్లో నెత్తురోడి, ఎన్నో దేశాల్లో ఎన్నో ఏళ్లు పోరాడితే చట్టమయింది. ఇప్పుడు కూడా అదే జరుగుతున్నది. 2024లో కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల పనిదినాన్ని 14 గంటలదాకా పొడిగించే ప్రతిపాదన వచ్చినప్పుడు దాన్ని బయటపెట్టి ఎదిరించింది అక్కడి ఐటీ ఉద్యోగుల సంఘం. పనివేళల తర్వాత యజమాని పిలుపుకు బదులివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో చట్టాల్లో చేర్చాయి. అలాంటి హక్కు అందరికీ వస్తే, పారిపోతే తప్ప బతకలేమనుకునేవాళ్లలో సగం మంది పారిపోనక్కరలేదు.

ఇక, తన పనిని తానే నడుపుకోవాలన్న కోరిక ఉన్నదే, అది ఒంటరిగా మాత్రమే తీరవలసినదని ఎవరన్నారు? 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసి కార్మికులను తొలగించింది. వాళ్లలో ఒక్కొక్కరూ ఒక్కొక్క టీ బండి పెట్టుకుని "నాకు నేనే యజమానిని" అనుకోవచ్చు. ఏ.కె. గోపాలన్ వెన్నుదన్నుగా నిలవగా వారు సహకార సంఘాలుగా ఏర్పడి కాఫీ హౌసులను తామే నడిపారు. వడ్డించేవాడే యజమానుల్లో ఒకడయ్యాడు. అంతకు ముందు, 1925లో, ఉత్తర కేరళలో సంస్కర్త వాగ్భటానంద ప్రేరణతో కొద్దిమంది కూలీలు ఊరాలుంగల్‌లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. అది రోడ్లూ వంతెనలూ కట్టింది. చివరకు కోళికోడ్‌లో ఒక సైబర్ పార్కు కూడా కట్టింది. కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లు కంపెనీకో, ఒంటరితనానికో తప్ప మూడోదానికి తగరనుకుంటున్న కాలంలో, వారు కూర్చునే భవనాన్నే కూలీల సంఘం కట్టటం ఆలోచించదగ్గ విషయం.

సహకార సంఘాలు సర్వరోగ నివారిణి కావు. మన చేనేత సంఘాల్లో ఎన్ని పెత్తందార్ల చేతుల్లో పడ్డాయో, ఎన్ని కాగితాల మీదే మిగిలాయో తెలిసినవాడెవడూ అలా అనడు. చుట్టూ ఉన్న మార్కెట్టు వాటి పీకను నొక్కుతూనే ఉంటుంది. అయినా షావుకారు నూలుకూ, ఒంటరి మగ్గానికీ మధ్య నేతగాడికి దొరికిన ఊపిరి వాటివల్లనే దొరికింది. కంపెనీ వదిలిన పదిమంది ప్రోగ్రామర్లో, అనువాదకులో, ఉపాధ్యాయులో కలిసి ధరను తామే నిర్ణయించి, జబ్బు పడ్డవాడి భారాన్ని తక్కిన తొమ్మిదిమందీ పంచుకునే ఏర్పాటు చేసుకుంటే, దాన్ని పలాయనమని ఎవరూ అనలేరు.

ఒంటరిగా చేసే పని కూడా పదిమందిదవుతుంది, దాని లక్ష్యం అలాంటిదైతే. నల్లగొండ జిల్లా చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశంకు పెద్ద చదువు లేదు. ఇక్కత్ చీరకు ఆసు పోయటంలో రోజూ వేల సార్లు చేయి అటూ ఇటూ తిప్పి తల్లి భుజం పడే బాధ చూశాడు. ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో ఆ పని చేసే యంత్రాన్ని తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ఏ కంపెనీ నిర్దేశం మీదా పనిచెయ్యలేదు. ఏం చెయ్యాలో తానే నిర్ణయించుకున్నాడు. స్వయంనిర్దేశిత జీవితమన్న మాటకు ఇంతకన్న పూర్తి అర్థం నాకు తోచదు. ఆ స్వేచ్ఛకు సాక్ష్యం ఆయన తీరిక కాదు, నొప్పి తగ్గిన భుజాలు.

జీతం చేసేవాడిని బానిస అనీ, మానినవాడిని స్వతంత్రుడనీ విడదీయటం సులభం. ఆ విభజన ఇద్దరినీ ఒంటరివాళ్లను చేస్తుంది. ఉండిపోయినవాడు తన గంటలకోసం సంఘంలో చేరి పోరాడితే అతను స్వేచ్ఛకోసమే పనిచేస్తున్నాడు. వెళ్లిపోయినవాడు తన తీరికలో కొంత ఆ పోరాటానికి ఇస్తే, కనీసం తన తీరిక ఎవరి శ్రమ మీద నిలిచిందో నిజాయితీగా చెబితే, అతనూ స్వేచ్ఛకోసమే పనిచేస్తున్నాడు. కొలువులో ఉన్నవాడికీ, లేనివాడికీ, కొలువు అన్న మాటే ఎరగకుండా వంటింట్లో వెలుగూ చీకటీ గడిపేదానికీ, రోజులో కొన్ని గంటలు ఎవరి అనుమతీ అక్కరలేకుండా తమవి కావాలి. ఆ గంటలు దొరికేదాకా ఎవరి రాజీనామా అయినా ఆ ఒక్కరి సొంత సౌకర్యమే. దాన్ని విముక్తి అని పిలవటానికి తొందరపడవద్దు.